చుక్కల గుడికి అద్దమే కానుక

గుడికి వెళ్లేటప్పుడు కొబ్బరికాయో అరటిపళ్లో పట్టుకెళ్తాం. అమెరికాలో ఓ కొండమీద నక్షత్రాలకే ఒక గుడి ఉంది. అక్కడికి వెళ్లేవాళ్లు పట్టుకెళ్లేది అద్దం! అదీ బజార్లో కొన్నది కాదు... నెలల తరబడి సొంత చేతులతో అరగదీసి, మెరుగుపెట్టి, వెంట్రుక మందంలో వెయ్యోవంతు తేడా కూడా రాకుండా తీర్చుకున్న అద్దం. దాన్ని ఓ గొట్టంలో బిగించి, కొండమీది గడ్డిలో నిలబెట్టి, ఎప్పుడు చీకటి పడుతుందా అని ఎదురుచూస్తారు.

ఆ గుడి పేరు స్టెల్లఫేన్. నక్షత్రాల ఆలయం అని అర్థం వచ్చే లాటిన్ మాటల్ని కలిపి పెట్టుకున్న పేరు. పూజారి లేడు, హుండీ లేదు. స్ప్రింగ్‌ఫీల్డ్ టెలిస్కోప్ మేకర్స్ అనే క్లబ్బు వందేళ్లుగా నడుపుకొస్తున్న వేధశాల అది. ఖగోళశాస్త్రం చదవకపోయినా, చదువు చెప్పే ఉద్యోగం చేయకపోయినా, కేవలం ఇష్టంతో పెరట్లో టెలిస్కోపు పెట్టుకుని ఆకాశం చూసే అమెరికన్లకు ఇది పుట్టిల్లు.

మరలు చేసే ఊరు

అమెరికాలో స్ప్రింగ్‌ఫీల్డ్ పేరుతో ఊళ్లు బోలెడు. మన రామాపురాల్లాగా అన్నమాట. ‘సింప్సన్స్’ కార్టూన్ కుటుంబం ఉండే ఊరి పేరూ స్ప్రింగ్‌ఫీల్డే. 2007లో ఆ కార్టూన్ సినిమాగా వచ్చినప్పుడు, తొలి ప్రదర్శన ఏ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వేయాలన్నదానికి పోటీ పెడితే వెర్మాంట్ రాష్ట్రంలోని చిన్న ఊరు గెలిచింది. మనం చెప్పుకుంటున్నది ఆ ఊరి గురించే. జనాభా తొమ్మిదివేల చిల్లర. బోస్టన్ నుంచి కారులో రెండున్నర గంటల ప్రయాణం. బోస్టన్ చుట్టుపక్కల పిల్లల దగ్గరికి వెళ్లే మన తల్లిదండ్రులకు న్యూయార్క్, నయాగరాలు తప్పనిసరిగా చూపిస్తారు కానీ, ఇటువైపు తీసుకెళ్లేవాళ్లు తక్కువ.

ఊరి మధ్యలోంచి బ్లాక్ రివర్ అనే చిన్న నది పారుతుంది. చుట్టూ కొండలు. వెర్మాంట్ అన్న పేరే ఫ్రెంచిలో పచ్చటి కొండ అన్న మాటల్లోంచి వచ్చింది. ఇలాంటి చోట ఆవులు, పాలు, మేపుల్ పానకం ఉంటాయనుకుంటాం. ఉన్నాయి కూడా. కానీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ఊరికి పేరు తెచ్చింది యంత్రాలు. మామూలు యంత్రాలు కాదు... యంత్రాలను తయారుచేసే యంత్రాలు. జోన్స్ అండ్ లామ్సన్, ఫెలోస్ గేర్ షేపర్, బ్రయంట్ చకింగ్ గ్రైండర్ అనే మూడు కంపెనీల లేతు మిషన్లు, పళ్లచక్రాలు కోసే మిషన్లు దేశంలోని ఫ్యాక్టరీలకు వెళ్లేవి. ఈ లోయకు ‘ప్రెసిషన్ వ్యాలీ’ అని పేరే పడిపోయింది. అంటే అంగుళంలో వెయ్యోవంతు తేడాను కూడా ఒప్పుకోని మనుషుల లోయ!

జోన్స్ అండ్ లామ్సన్ కంపెనీ పెద్ద జేమ్స్ హార్ట్‌నెస్. మెషిన్ షాపులో పనివాడిగా మొదలై, వందకు పైగా పేటెంట్లు సంపాదించి, 1921 నుంచి 1923 వరకు వెర్మాంట్ గవర్నరుగా కూడా పనిచేశాడు. ఆయనకు ఆకాశమంటే పిచ్చి. చలంటే పడదు. కానీ వెర్మాంట్‌లో చలికాలపు రాత్రుల్లోనూ ఆకాశం చూడాలి. అప్పుడు చలి మైనస్ ఇరవై డిగ్రీలకు దిగుతుంది. ఏం చేయాలి? 1910లో తన ఇంటి ముందు తోటలో ఒక తిరిగే బురుజు కట్టించి, దానికి పది అంగుళాల కటకమున్న టెలిస్కోపు బిగించాడు. గొట్టం బయట, చూసే మనిషి లోపల! ఇంట్లోంచి ఆ బురుజులోకి నేల కిందుగా సొరంగం తవ్వించాడు. మంచులో కాలు పెట్టకుండానే, చెప్పులేసుకుని నడిచివెళ్లి శనిగ్రహం వలయాలు చూసొచ్చేవాడు. డబ్బున్నవాడి వేడుక అనుకోవచ్చు. కానీ ఆ ముచ్చట ఆయన ఇంటితో ఆగిపోలేదు.

పదిహేను మంది, ఒక మహిళ

ఇదే ఊళ్లో 1871లో పుట్టినవాడు రస్సెల్ పోర్టర్. ఎంఐటీలో భవన నిర్మాణం చదివాడు. తర్వాత మనసు ఉత్తర ధ్రువం మీదకు పోయింది. చిత్రకారుడిగా, సర్వేయరుగా ఎన్నోసార్లు ఆ మంచు దేశాలకు వెళ్లాడు. 1903లో బయల్దేరిన జీగ్లర్ యాత్రలో వాళ్ల ఓడను మంచు నలిపేసింది. సహాయక ఓడ వచ్చి ఒడ్డున పడేసేసరికి 1905 వచ్చింది. నెలల తరబడి సూర్యుడు కనబడని చోట నక్షత్రాలను కొలుస్తూ దారి లెక్కగట్టడమే ఆయన పని. తిరిగొచ్చాక మెయిన్ రాష్ట్రపు సముద్రతీరంలో కాపురం పెట్టి, సొంతంగా అద్దాలు అరగదీసి టెలిస్కోపులు చేయడం మొదలుపెట్టాడు. 1919లో హార్ట్‌నెస్ పిలిచి కంపెనీలో ఉద్యోగమిచ్చాడు.

అక్కడ ఇద్దరూ కలిసి తయారుచేసిన పరికరం ‘ఆప్టికల్ కంపారేటర్’. మరమేకు మీద చుట్లు సరిగా ఉన్నాయో లేదో చేత్తో కొలిచే బదులు, దాని నీడను ఎన్నో రెట్లు పెద్దది చేసి తెరమీద వేసి చూస్తారు. తప్పు ఎక్కడుందో నీడే చెప్పేస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో కొండమీద మళ్లీ పనికొస్తుంది.

1920లో పోర్టర్ ఒక తరగతి పెట్టాడు. పదిహేను మంది పురుషులు, ఒక మహిళ చేరారు. చాలామంది ఆ కంపెనీలో పనిచేసేవాళ్లే. పగలంతా ఇనుము చెక్కి, సాయంత్రం గాజు అరగదీసేవారు. ఆ రోజుల్లో మంచి టెలిస్కోపు కొనాలంటే కార్మికుడి జీతానికి అందని మాట. చేతిలో పనితనం మాత్రం కావలసినంత ఉంది. పోర్టర్ చేసిందల్లా, ఆ పనితనం దేనికి కూడా పనికొస్తుందో చూపించడం. ఈ బృందమే 1923 డిసెంబరులో క్లబ్బుగా ఏర్పడింది. ఆ తొలిరోజుల్లో సభ్యత్వానికి ఒకటే అర్హత... అద్దం చేసి ఉండాలి.

సానమీద గంధంలా...

అద్దం చేయడమంటే ఏమిటి? నక్షత్రపు వెలుగును ఒకచోటికి పోగుచేసే టెలిస్కోపు అద్దం మన బీరువా అద్దంలా చదునుగా ఉండదు. పళ్లెంలా కాస్త లోపలికి గుంట పడి ఉంటుంది. ఆ గుంట తెప్పించే పద్ధతి వింటే మన పెద్దవాళ్లు నవ్వుతారు. దేవుడి గదిలో సానమీద గంధం అరగదీసీ అరగదీసీ ఆ సాన మధ్యలో గుంట పడుతుంది కదా! ఇదీ అంతే.

ఒకే కొలతలున్న రెండు గాజు బిళ్లలు తీసుకుంటారు. కొత్తవాళ్లకు ఆరంగుళాల బిళ్ల సరిపోతుంది. ఒకదాన్ని పీపా మీదో బల్ల మీదో కదలకుండా పెట్టి, దానిమీద కార్బోరండం పొడి చల్లి, నీళ్లు చిలకరించి, రెండోదాన్ని పైన పెట్టి ముందుకీ వెనక్కీ తోస్తారు. తోస్తూ, పైబిళ్లను కొద్దికొద్దిగా తిప్పుతూ, తానూ పీపా చుట్టూ నడుస్తారు. ఏ మిషనూ అక్కర్లేదు. కొన్ని గంటలయ్యేసరికి పైబిళ్ల మధ్యలో లోతవుతుంది, కిందిబిళ్ల ఉబ్బుతుంది. ఏ దిక్కు నుంచి చూసినా రెండూ ఒకదానిమీద ఒకటి అతికినట్టు కూర్చోవాలంటే ఆ వంపు గోళంలో ముక్కే అయివుండాలి. అందుకే చేయి కాస్త అటూఇటూ వణికినా వంపు తనంతట తానే సరిగ్గా వచ్చేస్తుంది. ఆరంగుళాల అద్దంలో ఆ గుంట లోతు ఎంతనుకుంటున్నారు? మామూలు కొలతల్లో మిల్లీమీటరు పైన చిల్లర, అంతే!

తర్వాత పొడి మారుస్తారు. ముందు గరుకుది, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. మారుస్తున్నప్పుడల్లా బల్ల, బకెట్టు, చేతులు, గోళ్ల సందులు అన్నీ కడుక్కోవాలి. పాత పొడిలో ఒక్క రేణువు మిగిలినా గాజుమీద గీత పడుతుంది. మళ్లీ వెనక్కి వెళ్లి మొదటినుంచీ మొదలుపెట్టాల్సిందే. చివర్లో తారులాంటి జిగురు పోసి చేసిన మెత్తటి పీట మీద, నగలకు మెరుపు పెట్టే ఎర్రటి పొడితో మెరుగుపెడతారు. ఇప్పుడైతే దాని బదులు సీరియం ఆక్సైడ్ వాడుతున్నారు.

అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. గోళపు వంపు ఉన్న అద్దం నక్షత్రాన్ని చుక్కలా చూపించదు, కాస్త అలికినట్టు చూపిస్తుంది. చుక్కలా కనబడాలంటే ఆ వంపు పారాబొలా కావాలి. రెండింటికీ తేడా మిల్లీమీటరులో కొన్ని వేల వంతుల్లో ఒకటి. దాన్ని ఏ స్కేలు కొలుస్తుంది? ఫ్రాన్స్‌లో ఫూకో అనే శాస్త్రవేత్త 1858లో ఒక చిట్కా చెప్పాడు. చీకటి గదిలో సూదిమొనంత వెలుగును అద్దంమీద వేసి, అది తిరిగి వచ్చి చేరేచోట బ్లేడు అంచును అడ్డంపెట్టి చూస్తే, అద్దంలో ఎత్తుపల్లాలు కొండలూ లోయలూ అయినట్టు నీడలు కనిపిస్తాయి. పారాబొలా కుదిరిన అద్దం ఎలా కనబడుతుందో తెలుసా? అచ్చం మన గారెలా! మధ్యలో పల్లం, చుట్టూ ఉబ్బు. అద్దం నిజానికి అలా ఉండదు, నీడ అలా పడుతుంది. ఫ్యాక్టరీలో మరమేకు తప్పు పట్టించిన నీడే, ఇక్కడ అద్దం తప్పు పట్టిస్తుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ కార్మికులకు ఈ పరీక్ష కొత్తగా అనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఈ పరీక్ష ఎంత సున్నితమంటే, అద్దంమీద వేలు ఓ నిమిషం ఆనించి తీస్తే, ఆ వేడికి గాజు ఉబ్బి, వేలు పెట్టినచోట చిన్న గుట్ట లేచినట్టు కనిపిస్తుంది. చల్లారాక అదే పోతుంది. అందుకే కాసేపు మెరుగుపెట్టడం, గంటసేపు ఆగడం, చూడటం, మళ్లీ కాసేపు మెరుగుపెట్టడం... తొందరపడే మనిషి చేసే పని కాదిది. అంతా కుదిరాక అద్దంమీద పలచటి లోహపు పూత వేయిస్తారు. వెనకటికి వెండి, ఇప్పుడు అల్యూమినియం. నక్షత్రపు వెలుగును తిప్పి పంపేది నిజానికి ఆ పూతే. అన్ని గంటలు అరగదీసిన గాజు దానికి పీట మాత్రమే!

గులాబీరంగు ఇల్లు

అద్దాలు చేసుకున్నవాళ్లకు ఊళ్లో దీపాలు అడ్డొచ్చాయి. ఊరి పక్కన బ్రీజీ హిల్ అనే కొండమీద పోర్టర్‌కు స్థలముంది. గాలికొండ అన్నమాట. సభ్యులు సెలవు దినాల్లో పైకెళ్లి, సొంతంగా చెక్కలు కోసుకుని, మేకులు కొట్టుకుని 1924 కల్లా క్లబ్బు ఇల్లు కట్టేసుకున్నారు. దానికి నమూనా గీసింది పోర్టరే. వాలు కప్పు, ముఖభాగాన ఆకాశాన్ని కీర్తించే ఓ బైబిల్ వాక్యం, చెక్కగోడలకు గులాబీరంగు! చుట్టూ పచ్చటి అడవి, మధ్యలో ఆ రంగు... కొత్తగా వెళ్లినవాళ్లు మొదట చూసేది దాన్నే.

దాని పక్కనే 1930లో కట్టిన బురుజు టెలిస్కోపు ఉంది. హార్ట్‌నెస్ ఇంటి ముందున్న దానికి ఇది తమ్ముడు. అయితే అందులో కటకం, ఇందులో పన్నెండు అంగుళాల అద్దం. కాంక్రీటుతో కట్టిన గది మీద గుండ్రటి మూత తిరుగుతుంది. అద్దాలు బయట చలిలో ఉంటాయి. అవి పట్టిన వెలుగు లోపల కూర్చున్న మనిషి కంటి దగ్గరికొస్తుంది. హార్ట్‌నెస్ ఒక్కడికి దక్కిన వెచ్చదనం ఇరవయ్యేళ్లకు ఫ్యాక్టరీ పనివాళ్లకూ దక్కింది. పోర్టర్‌కు అసలు ఇదొక పట్టింపు. చూసేవాడికి మెడనొప్పి రాకూడదు! టెలిస్కోపు ఎటు తిరిగినా చూసేవాడి కన్ను ఉన్నచోటే ఉండేలా ఆయన కనిపెట్టిన అమరికను ఇప్పటికీ ‘స్ప్రింగ్‌ఫీల్డ్ మౌంటు’ అనే పిలుస్తారు. తోటలో అలంకారంగా పెట్టుకునేందుకు తామరాకుల్లాంటి నగిషీలతో కంచు టెలిస్కోపు కూడా చేశాడు. కంపెనీ అమ్మకానికి పెట్టింది కానీ పెద్దగా ఎవరూ కొనలేదు. ఇప్పుడది మ్యూజియంలు వెతుక్కునే వస్తువు.

క్లబ్బు ఇంటినీ, ఆ బురుజునూ 1989లో అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక చిహ్నంగా ప్రకటించింది. అధ్యక్షుల ఇళ్లు, యుద్ధభూములు ఉండే జాబితా అది. పనివాళ్లు ఆదివారాలు కట్టుకున్న చెక్క ఇల్లు అందులో చేరింది!

ఒక పత్రికాసంపాదకుడి ఉత్తరం

ఈ కొండ సంగతి లోకానికి తెలియడానికి కారణం ‘సైంటిఫిక్ అమెరికన్’ సంపాదకుల్లో ఒకరైన ఆల్బర్ట్ ఇంగాల్స్. పోర్టర్ ఎప్పుడో రాసిన వ్యాసం చదివి, ఉత్తరం రాసి, 1925లో స్వయంగా కొండెక్కాడు. అదే ఏడాది నవంబరు సంచికలో ఈ టెలిస్కోపు పిచ్చివాళ్ల గురించి రాశాడు. మాకూ నేర్పండంటూ వందల ఉత్తరాలొచ్చాయి. 1926లో అద్దం చేయడం ఎలాగో పోర్టర్ వ్యాసాలు రాశాడు. ఆ వ్యాసాలు పుస్తకమయ్యాయి. ఊరూరా నేలమాళిగల్లో, వంటిళ్లలో, షెడ్లలో గాజు అరగదీసే చప్పుడు మొదలైంది. ఆ ఏడాది జులైలో ఓ ఇరవై మంది తమ టెలిస్కోపులు పట్టుకుని స్టెల్లఫేన్ కొండమీద కలిశారు. ఏటా జరిగే జాతరకు అదే నాంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ పిచ్చి దేశానికే అక్కరకొచ్చింది. తుపాకులు, ట్యాంకుల గురి చూసే పరికరాలకు ‘రూఫ్ ప్రిజమ్’ అనే గాజుముక్క కావాలి. దాని కోణం తయారీలో ఎంత కచ్చితత్వం కావాలంటే, పెద్ద ఫ్యాక్టరీలకే అది కొరుకుడుపడలేదు. ఇంగాల్స్, పోర్టర్ కలిసి ఇళ్లలో అద్దాలు చేసేవాళ్లను కూడగట్టారు. నేలమాళిగల నుంచి వేల ప్రిజమ్‌లు సైన్యానికి వెళ్లాయి.

అప్పటికి పోర్టర్ స్ప్రింగ్‌ఫీల్డ్‌లో లేడు. 1928 చివర్లో జార్జ్ ఎలరీ హేల్ ఆయన్ను కాలిఫోర్నియాకు పిలిపించుకున్నాడు. పాలొమార్ కొండమీద రెండొందల అంగుళాల టెలిస్కోపు కట్టాలి. అంటే ఐదు మీటర్ల అద్దం! ఇనుము కోయకముందే, లోపల ఏ భాగం ఎలా ఉంటుందో చీల్చి చూపించినట్టు పోర్టర్ గీసిన బొమ్మలు ఇంజినీర్లను ఇప్పటికీ నోరు వెళ్లబెట్టిస్తాయి. ఆ టెలిస్కోపు 1948లో ప్రారంభమైంది, దాదాపు మూడు దశాబ్దాలు ప్రపంచంలో అదే పెద్దది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో పోర్టర్ కన్నుమూశాడు.

ఇక్కడ మనకో చిన్న చుట్టరికం ఉంది. హైదరాబాద్ నిజామియా వేధశాలలో పనిచేసే తండ్రి వెంట తిరుగుతూ, కుర్రతనంలోనే ఆకాశం చూడటం నేర్చుకున్న వేణు బప్పు, హార్వర్డ్‌లో చదివాక కార్నెగీ ఫెలోగా మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలల్లోనే పనిచేశాడు. తిరిగొచ్చి తమిళనాడులోని కావలూరులో మన దేశపు పెద్ద వేధశాలకు పునాది వేశాడు. ఇప్పుడు దానికి ఆయన పేరే ఉంది.

ఫ్యాక్టరీలు పోయాయి, అద్దం మిగిలింది

ఇరవయ్యో శతాబ్దం చివరి దశాబ్దాల నుంచి స్ప్రింగ్‌ఫీల్డ్ యంత్రాల కంపెనీలు ఒక్కొక్కటే మూతపడుతూ వచ్చాయి. నదిపక్క షెడ్లు ఖాళీ అయ్యాయి. సిర్పూరులోనో, వరంగల్ ఆజంజాహీ మిల్లు దగ్గరో పెరిగినవాళ్లకు, ఫ్యాక్టరీ సైరన్ ఆగిపోయిన ఊరు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. తరాలుగా చేతుల్లో పేరుకున్న పనితనం జీతమివ్వడం మానేసింది.

టెలిస్కోపుల సంగతీ మారింది. ఇప్పుడు విదేశీ ఫ్యాక్టరీల్లో తయారైన ఆరంగుళాల టెలిస్కోపు కొనడం కంటే, గాజు, పొడులు, పూత అన్నీ కలిపి సొంతంగా చేసుకోవడానికే ఎక్కువ ఖర్చవుతుంది. 1920లో అద్దం చేసుకోవడం పేదవాడి దారి. ఇవాళ అది ఓపికున్నవాడి విలాసం. ఇంక ఈ క్లబ్బుకు పనేముంది అనిపిస్తుంది. కానీ కొండమీద జాతరకు వస్తున్నవాళ్లను చూస్తే అలా అనిపించదు. కారణం కూడా కష్టమైనదేం కాదు. కొన్న టెలిస్కోపులో శనిగ్రహం కాస్త మసగ్గా కనబడితే కంపెనీని తిట్టుకుంటారు. తను చేసిన అద్దంలో మసగ్గా కనబడితే, ఎక్కడ తొందరపడ్డానో అని ఆలోచిస్తారు. ఆ రెండో మనిషి మళ్లీ పీపా దగ్గరికి వెళ్తాడు.

ఈ సంగతి క్లబ్బుకు బాగా తెలుసు. అందుకే జాతరలో కంపెనీల దుకాణాలు పెట్టనివ్వరు. శనివారం పొద్దున్నే, ఇళ్లలో మూలపడ్డ కటకాలు, గొట్టాలు, పాత పుస్తకాలు బల్లలమీద పెట్టుకుని వచ్చినవాళ్లే ఒకరికొకరు అమ్ముకుంటారు, అంతే. పోటీలు మాత్రం జోరుగా జరుగుతాయి. అయితే ఇంట్లో చేసుకున్న టెలిస్కోపులకే ప్రవేశం. పనితనానికి పగలు మార్కులు, అద్దం ఎంత బాగా చూపిస్తోందన్నదానికి రాత్రి మార్కులు! పిల్లలు చేసిన టెలిస్కోపులూ ఉంటాయి. అట్టగొట్టాలు, ప్లైవుడ్ పెట్టెలు, వంటింటి గిన్నెలు... ఏది దేనికి పనికొచ్చిందో చూస్తూ తిరిగితేనే సగం రోజు గడిచిపోతుంది. ఓ గుడారం కింద పీపాల మీద గాజు అరగదీయడం నేర్పుతుంటారు. ఎవరైనా వెళ్లి నాలుగు తోపులు తోయొచ్చు. ఏడాది పొడవునా సభ్యులకు అద్దాల తయారీ తరగతులు, సమావేశాలు ఉంటాయి. పాత బురుజుతో పాటు మెక్‌గ్రెగర్ అబ్జర్వేటరీ అనే కొత్త కట్టడంలో పదమూడు అంగుళాల షుప్‌మన్ టెలిస్కోపు ఉంది. కటకం, అద్దం రెండూ కలిసి పనిచేసే అరుదైన రకం. కొండమీదే డేరాలు వేసుకుని పడుకునే వీలుంది.

అగస్త్యుడు కనబడని ఆకాశం

జాతర వేసవిలో, అమావాస్యకు దగ్గరగా వచ్చే వారాంతంలో జరుగుతుంది. తిథి చూసుకుని వెళ్లే జాతరలు మనకే ఉన్నాయనుకుంటాం! యుద్ధం రోజుల్లో కొన్నేళ్లు ఆగింది. 2020లో కోవిడ్ వల్ల కొండమీద జనం చేరలేదు. మామూలుగా వెయ్యిమంది వరకు వస్తుంటారు.

పొద్దుగూకాక కొండకు ఒక చట్టం ఉంది... తెల్లటి వెలుగు వెయ్యకూడదు. కారు దీపాలు, టార్చిలు, ఫోన్లు అన్నీ బంద్. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఒక్క ఫ్లాష్ కొడితే ఆ కష్టమంతా పోతుంది, అదీ పక్కనున్న పదిమందికీ! ఎర్రకాంతి ఈ అలవాటును అంతగా చెడగొట్టదు కాబట్టి ఎర్ర టార్చిలు వాడతారు. రాత్రి మధ్యలో ఇంటికి పోవాలనుకునేవాళ్లు కారు ముందే దూరంగా పెట్టుకోవాలి. కరెంటు పోయిన రాత్రి డాబామీద పడుకుని పాలపుంత చూసిన తరానికి ఈ చీకటి తెలుసు. మన పిల్లల్లో చాలామందికి ఇప్పుడు పాలపుంత ఫొటోల్లోనే పరిచయం.

ఆ కొండమీద నిలబడే మనవాళ్లకు ఆకాశం కాస్త తికమకగా కనిపిస్తుంది. హైదరాబాద్‌లో ధ్రువనక్షత్రం ఉత్తరాన నేలకు 17 డిగ్రీల ఎత్తులో, చెట్ల మీదుగా, భవనాల చాటున ఉంటుంది. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అది 43 డిగ్రీలు పైకెక్కి కూర్చుంటుంది. మన దగ్గర కొన్ని నెలలు కనబడకుండా పోయే సప్తర్షులు అక్కడ అస్తమించరు. వసిష్ఠుడి పక్కన అరుంధతిని ఏ రాత్రయినా చూడొచ్చు. పెళ్లిలో పట్టపగలు ఆకాశంకేసి చూసి తలూపినవాళ్లు, ఇక్కడ ఎవరి టెలిస్కోపులోనైనా తొంగిచూసి ఆ బాకీ తీర్చుకోవచ్చు. అడిగితే కాదనేవాళ్లుండరు. మెట్టు మీద నిలబెట్టి, ఎటు చూడాలో చెప్పి, ఎలా ఉందని అడిగి మరీ మురిసిపోతారు.

దక్షిణం వైపు మాత్రం లెక్క మారుతుంది. మన దగ్గర దక్షిణాన బాగా పైకి వచ్చే వృశ్చికం అక్కడ తోక కొండలమీద ఈడ్చుకుంటూ వెళ్లిపోతుంది. అగస్త్య నక్షత్రమైతే ఏ రోజూ, ఏ గంటలోనూ ఆ నేలమీదకు రాదు. దాన్ని చూడాలంటే స్టెల్లఫేన్ వాళ్లే టెలిస్కోపు చంకన పెట్టుకుని మనవైపు రావాలి.

వెళ్లేవాళ్లు ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఆగస్టు అయినా సరే, స్వెట్టరు తప్పనిసరి. తెల్లవారుజామున గడ్డిమీద మంచు కురిసి అద్దాలకు చెమ్మ పడుతుంది. అప్పుడు చాలామంది తమ టెలిస్కోపులకు దుప్పటి కప్పి, తాము చలికి వణుకుతూ కూర్చుంటారు.